నల్ల కారు

చీమకుర్తిలో నల్ల కారు కొనే మనిషి
ఒక్కడే ఉంటాడు.
వాణ్ణి నేను చేసుకున్నా.

తెల్లది తీసుకో మాలకొండయ్యా, దుమ్ము కనపడదు అని
అమ్మే బ్రోకరే చెప్పాడు.
వినలా.
పద్దెనిమిదేళ్లు నల్లరాయికి పాలిష్ పట్టిన చేతులు,
ఇంకో రంగు వాటికి రంగే కాదు.

ఆదివారం ఆరింటికే మొదలు.
ఎండ గోడ దిగేలోపు అయిపోవాల,
కాలిన రేకు మీద నీళ్లారితే మచ్చలు పడతాయంట.
మచ్చల సంగతి నిజమే. మా బోరు నీళ్లు
స్టీలు గ్లాసునే తెల్లబరుస్తాయి.
అందుకని ఆఖరి కడుగుడుకు మినరల్ క్యాను.
మేం తాగే నీళ్లు, దానికి స్నానం.
నేనేమీ అనలా,
ఖాళీ క్యాను కొంచెం గట్టిగా కింద పెట్టా.

పొడిగుడ్డ ముట్టనియ్యడు.
"దుమ్మనుకుంటున్నావా? రాయే ఇది.
పొడిగా రుద్దితే ఉప్పుకాగితం."
ముందు నీళ్లతో వదిలించాల,
తోసేసినట్టు కాదు, బతిమాలినట్టు.
రెండు బకెట్లు. ఒకదాంట్లో నురగ,
ఒకదాంట్లో గుడ్డ తన మురికి తాను వదులుకోడానికి.
పైనుంచి కిందికి, నిలువుగా.
చక్రాల గుడ్డ వేరే, అది తలుపు మీదికి రాకూడదు.
"గుడ్డలకూ కులం పెట్టావంట్రా" అని
మా అత్త అరుగు మీద కిసుక్కుమంది.

బయట ఆయనది, లోపల నాది.
మ్యాట్లు గోడకేసి కొడితే వారమంతా రాలుద్ది.
కొత్తపట్నం ఇసక: పెళ్లికొచ్చినోళ్లు సముద్రం చూస్తామంటే పోయింది.
వేరుశనగ పొట్టు: కనిగిరి ముసలాయన,
దారంతా నవులుతూనే ఉన్నాడంట.
డిక్కీలో రొయ్యల పెట్టె కారిన వాసనకి
రాత్రే తినేసోడా చల్లా. పొద్దున ఊడ్చా.
సగం పోయింది. సగం వాసన కిరాయిలో భాగం.
ఒకసారి డ్యాష్‌బోర్డుకి కొబ్బరినూనె పూశా, మెరుస్తుందని.
మెరిసింది. సాయంత్రానికి బూడిదగుమ్మడికాయ.
ఇప్పుడు తడి పిండిన బనీను ముక్కే.

డ్రైవరు తలుపు అరలో దూదుండ,
మధ్యలో చిన్న నెత్తుటి చుక్క.
బుధవారం కిరాయి పుస్తకం ఖాళీ.
ఎవరినో ఒంగోలు పెద్దాసుపత్రికి
ఊరకే తీసకపోయుంటాడులే అనుకున్నా.
ఆయనకా జబ్బుంది, ఊరకే తీసకపోయే జబ్బు.

ఇన్సూరెన్సు కాగితాలు తీసి
అర తుడవబోతే రసీదు.
ఛాతీ ఎక్స్‌రే.
పేరు: మాలకొండయ్య.

బయట ఆయన మైనం పూస్తున్నాడు,
వేలికి కుంకుమంత తీసి, పల్చగా, చుట్టూ తిరుగుతా.
తెల్లగా మసకబారేదాకా ఆగాల, అప్పుడు తుడవాల.
"గీత చెరిగిపోదే," అంటున్నాడు ఎవరితోనో అన్నట్టు,
"చుట్టూ ఉన్నదంతా గీతంత లోతుకి అరగాల.
అప్పుడు అద్దం."
మధ్యలో దగ్గాడు. మోచెయ్యి అడ్డం పెట్టుకుని,
బానెట్టు మీద పడకుండా.

కారుకు పొడిగుడ్డ తగలనియ్యని మనిషి
పద్దెనిమిదేళ్లు పొడిగాలి మింగాడు.

రసీదు ఎట్లా మడిచుందో అట్లాగే మడిచి
ఎక్కడిది అక్కడ పెట్టా.
అడగాల. మధ్యాన్నం, అన్నం తిన్నాక.

"ఇట్రా, చూడు" అన్నాడు.
నీళ్లు చిలకరిస్తే బానెట్టు మీద
గుండ్రంగా లేచి నిలబడ్డాయి.
వాటికింద నా మొహం, మీసాలతో సహా ఆయన మొహం.
ఇంతకాలం కోసి, అరగదీసి పంపిన రాళ్లలో
ఎవరెవరి మొహాలు కనపడుతున్నాయో, ఏ దేశాల్లో.

అప్పుడొచ్చింది టిప్పరు,
టార్పాలిన్ కట్టకుండా, మలుపు కాడ నుంచే
తెల్లగా తోక లాక్కుంటా.
ఆయన గుడ్డ అందుకోబోయాడు.
"ఎక్కు" అన్నా.
"ఏందే?"
"ఎక్కు లోపలికి."

నాలుగు అద్దాలూ పైకెక్కించా.
ముందుసీట్లలో ఇద్దరం కూర్చున్నాం, ఎక్కడికీ పోకుండా.
సోడా, కాసింత రొయ్యలు, తడి బనీను వాసన.
బయట బానెట్టు మెల్లగా బూడిదవుతోంది.
ఆయన చేతులు ఊరుకోవడం లేదు.
"ఉండనీ" అన్నా,
"దాన్ని మళ్లీ కడుక్కోవచ్చు."